ఒకే స్టేషన్, రెండు యాప్‌లు, రెండు ఏక్యూఐలు: దేన్ని చూడాలి?

#1 | ఊపిరి_ముఖ్యం

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి ఆస్తమా ఉంది. పొద్దున్నే నడకకి వెళ్లొచ్చా లేదా అని నన్నడుగుతారు, నేను ఫోన్‌లో ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) చూసి చెప్తాను. ఇవాళ ఒక యాప్‌లో 75 అని లేత ఆకుపచ్చ రంగులో ఉంది, పక్కనే "సంతృప్తికరం" అని రాసుంది. ఇంకో యాప్ తెరిస్తే 124, నారింజ రంగు, శ్వాస సమస్యలున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని హెచ్చరిక. రెండింటిలోనూ స్టేషన్ పేరు ఒకటే, టైమూ ఒకటే. ఏది నమ్మాలో ఎవరైనా కాస్త వివరంగా చెప్తారా?

#2 | కొలతలు_లెక్కలు

రెండూ సరైనవేనండీ. రెండు యాప్‌లూ తీసుకున్న కొలత ఒకటే అయ్యుంటుంది, దాన్ని సూచీగా మార్చే పట్టికలు వేరు. ఆ అంకె మీద నొక్కి చూడండి, కింద పీఎం 2.5 (గాలిలో తేలే అతి సన్నని రేణువులు) మైక్రోగ్రాముల్లో ఎంతుందో కనిపిస్తుంది. నా లెక్క ప్రకారం 45 దగ్గర ఉండాలి.

ఎలా చెప్పానంటే, భారత పట్టికలో ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 30 మైక్రోగ్రాముల వరకు ఉంటే సూచీ 0–50. 30 నుంచి 60 వరకు ఉంటే 50–100. 45 సరిగ్గా సగం దారిలో ఉంది, కాబట్టి సూచీ కూడా సగం దారిలో, 75. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పట్టికలో 35.5 నుంచి 55.4 వరకు ఉన్న గాలికి సూచీ 101–150. అక్కడా 45 ఇంచుమించు మధ్యలోనే పడుతుంది, అందుకే 124. ఒకే జవాబుపత్రానికి రెండు బోర్డులు రెండు గ్రేడ్లు ఇచ్చినట్టు.

#3 | ఊపిరి_ముఖ్యం

చూశానండీ, 45 అనే ఉంది! చాలా థ్యాంక్స్. అంటే అమెరికా పట్టిక ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుందన్నమాట. జాగ్రత్త కోసం ఇకమీద దాన్నే చూస్తే సరిపోతుందా?

#4 | కొలతలు_లెక్కలు

ఎప్పుడూ ఎక్కువ చూపించదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. పీఎం 2.5 దాదాపు 80 మైక్రోగ్రాములు ఉన్నప్పుడు రెండు సూచీలూ కలుసుకుంటాయి, రెండింట్లోనూ 167, 168 అలా వస్తుంది. అది దాటాక తారుమారవుతుంది. 100 మైక్రోగ్రాములకి భారత సూచీ 233, అమెరికా సూచీ 182. 200 మైక్రోగ్రాములకి భారత సూచీ 360 పైన, అమెరికా సూచీ 275. కాబట్టి ఒక దేశపు 360ని, ఇంకో దేశపు 275ని పక్కపక్కన పెట్టి "అక్కడికంటే ఇక్కడ ఇంత ఎక్కువ" అని రాసే వార్తలకి అర్థం లేదు. రెండు చోట్లా గాలి ఒకేలా ఉండొచ్చు.

పట్టికలు కూడా స్థిరంగా ఉండవు. అమెరికాలో 1976లో ఒక కాలుష్య సూచీ వచ్చింది, దాన్ని 1999లో మార్చి ఏక్యూఐ అన్నారు. 2024లో "బాగుంది" అనే తొలి మెట్టు పై హద్దును పీఎం 2.5కి 12 నుంచి 9 మైక్రోగ్రాములకి దించారు. 11 మైక్రోగ్రాములున్న గాలి అంతకుముందు ఆకుపచ్చ, ఇప్పుడు పసుపు. పదేళ్ల సూచీలను వరసగా గీసి పోల్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి, మెట్లన్నీ ఒకే వెడల్పులో ఉండవు. భారత పట్టికలో 60 నుంచి 90 మైక్రోగ్రాములకి వెళ్తే సూచీ 100 పెరుగుతుంది. 120 నుంచి మళ్లీ 100 పెరగాలంటే 250కి చేరాలి. అందుకే సూచీ 300 అంటే 150కి రెట్టింపు కాలుష్యమని అనుకోకూడదు.

#5 | వర్షం_చుక్క

ఇంత గందరగోళం ఎందుకు? వాన పడితే ఇన్ని మిల్లీమీటర్లని చెప్తారు. ఎండైతే ఇన్ని డిగ్రీలంటారు. గాలికీ ఇన్ని మైక్రోగ్రాములని నేరుగా చెప్పేస్తే పోదా? నన్నడిగితే ఈ సూచీ మధ్యలో అనవసరపు తెర.

#6 | కెమిస్ట్రీ_మేడం

వర్షం గారూ, గాలిలో కొలవాల్సింది ఒక్కటైతే మీ మాట సరిపోయేది. భారత సూచీలో ఎనిమిది కాలుష్య కారకాలున్నాయి: పీఎం 10 (కాస్త ముతక రేణువులు కూడా కలిసినవి), పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. వీటిలో కార్బన్ మోనాక్సైడ్‌ని మిల్లీగ్రాముల్లో చెప్తారు, మిగతావి మైక్రోగ్రాముల్లో. 100 మైక్రోగ్రాముల పీఎం 10 భారత ప్రమాణం ప్రకారం హద్దులోనే ఉన్నట్టు. అదే 100 మైక్రోగ్రాముల పీఎం 2.5 అయితే "పూర్" కింద లెక్క. ఈ ఎనిమిది అంకెలూ ఒక మామూలు మనిషి ముందు పెట్టి "ఇక మీరే తేల్చుకోండి" అనలేం కదా. అందుకే ఒక్కోదాన్ని దాని హాని బట్టి 0–500 కొలబద్ద మీదికి తెస్తారు. దాన్ని ఉపసూచీ అంటారు.

ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. ఆ తర్వాత చేసేదే ఆలోచించాల్సిన విషయం. ఉపసూచీలన్నిట్లో పెద్దది ఏదో చూసి దాన్నే ఏక్యూఐగా ప్రకటిస్తారు. కలపరు, సగటు తీయరు. అమెరికాలోనూ ఇంతే. ఒకచోట పీఎం 2.5 ఉపసూచీ 150, మిగతావన్నీ 30 లోపు అనుకోండి. ఇంకోచోట పీఎం 2.5 150, ఓజోన్ 145, నైట్రోజన్ డయాక్సైడ్ 140. రెండు చోట్లా ఏక్యూఐ 150 అనే వస్తుంది. ఊపిరితిత్తులకి మాత్రం రెండూ ఒకటి కాదు.

కెనడా ఈ విషయంలో వేరే దారి పట్టింది. వాళ్ల సూచీ నైట్రోజన్ డయాక్సైడ్, ఓజోన్, పీఎం 2.5 మూడింటి ప్రభావాన్నీ కలిపి, మూడు గంటల సగటు మీద, 1 నుంచి 10 వరకు, ఆ పైన "10 ప్లస్" అని చెప్తుంది. కొలబద్ద తయారీకి గాలి కాలుష్యానికీ మరణాలకీ ఉన్న సంబంధాన్ని ఆధారం చేసుకున్నారు. హాంకాంగ్ 2013 చివర్లో అలాంటిదే తెచ్చింది, ఆసుపత్రుల్లో చేరికల లెక్క ఆధారంగా. నా దృష్టిలో ఆరోగ్యం కోసం చూసేవాళ్లకి ఈ పద్ధతే మేలు.

#7 | రాత్రి_డ్యూటీ

మంచి చర్చ. నాదొక సందేహం. రాత్రి డ్యూటీ దిగి వస్తుంటే మా వీధి చివర ఎవరో చెత్త కుప్ప తగలబెట్టారు. కళ్లు మంట, గొంతు మంట, ఎదురుగా ఉన్న స్తంభం కూడా సరిగ్గా కనబడని పొగ. యాప్ తెరిస్తే మామూలు అంకె! ఇంట్లో చిన్నపిల్ల ఉంది, ఒకటే టెన్షన్. స్టేషన్ కూడా ఎంతో దూరం లేదు. అది పనిచేయడం లేదా?

#8 | స్టేషన్_ఇంజనీర్

ఇలాంటి స్టేషన్ల నిర్వహణే నా పని, కాబట్టి చెప్తాను. స్టేషన్ పనిచేస్తూ ఉండొచ్చు. ఆ పొగ మీ వీధి దాటి స్టేషన్ దాకా రాకపోయి ఉండొచ్చు కూడా. వచ్చినా సరే, అంకె వెంటనే కదలదు, ఎందుకంటే పీఎంకి సూచీ వేసేది 24 గంటల సగటు మీద. ఓజోన్‌కి, కార్బన్ మోనాక్సైడ్‌కి 8 గంటల సగటు.

లెక్క వేసి చూడండి. 22 గంటలపాటు పీఎం 2.5 40 ఉంది, చివరి రెండు గంటల్లో 300కి లేచింది. 24 గంటల సగటు 62 దాటదు. భారత సూచీలో అది 100 పైన ఎక్కడో, "ఓ మోస్తరు" గడిలో పడుతుంది. మీరు పీలుస్తున్నది మాత్రం 300.

ఈ ఇబ్బంది కోసమే ఈపీఏ వాళ్లు నౌకాస్ట్ అనే పద్ధతి వాడతారు. గడిచిన 12 గంటల రీడింగులు తీసుకుని, వాటిలో కనిష్ఠాన్ని గరిష్ఠంతో భాగిస్తారు. వచ్చిన భిన్నం చిన్నదైతే గాలి వేగంగా మారుతోందని అర్థం, అప్పుడు కొత్త గంటలకి ఎక్కువ బరువు ఇస్తారు. ఆ భిన్నం 0.5 కంటే తగ్గితే 0.5గానే తీసుకుంటారు. అంటే ఇప్పటి గంటకి 1, అంతకుముందు గంటకి సగం, దానిముందు గంటకి పావు, అలా. పై ఉదాహరణకే ఈ లెక్క వేస్తే 235 మైక్రోగ్రాములు వస్తుంది. అమెరికా పట్టికలో అది ఆఖరి మెట్టు, "ప్రమాదకరం". అదే గాలి, అదే యంత్రం. సగటు తీసే పద్ధతి ఒక్కటే మారింది.

కాబట్టి మీలాంటి సందర్భంలో రోజు సూచీ చూడకండి. గంటవారీ గ్రాఫ్ ఉంటే అందులో చివరి కడ్డీ చూడండి. అది కూడా లేనప్పుడు కళ్లు, ముక్కు చెప్పిందే నమ్మి తలుపులు వేసుకోండి.

#9 | ఊపిరి_ముఖ్యం

ఇంజనీర్ గారూ, యంత్రం అసలు ఎలా కొలుస్తుందో కూడా చెప్పరూ? ఇంత చర్చా ఆ అంకె మీదే కదా నడుస్తోంది.

#10 | స్టేషన్_ఇంజనీర్

సంతోషంగా చెప్తానండీ. పీఎంకి ఎక్కువ స్టేషన్లలో ఉండేది బీటా అటెన్యుయేషన్ మానిటర్, మేం బామ్ అంటాం. పైకప్పు మీద గొట్టం, దాని నెత్తిన చిన్న టోపీలాంటి ఇన్‌లెట్. నిమిషానికి 16.7 లీటర్ల గాలిని లోపలికి లాగుతుంది. దారిలో సైక్లోన్ అనే భాగం గాలిని గిరగిరా తిప్పి, 2.5 మైక్రాన్ల కంటే పెద్ద రేణువుల్ని పక్కకి తోసేస్తుంది. ప్రవాహం తగ్గినా పెరిగినా ఈ కోత హద్దు జరిగిపోతుంది. అందుకే స్టేషన్‌కి వెళ్లగానే మేం మొదట చూసేది లీకు ఉందా, ప్రవాహం సరిగ్గా ఉందా అని.

మిగిలిన సన్న రేణువులు గాజుపీచు టేపు మీద గుండ్రటి మచ్చగా పేరుకుంటాయి. మచ్చ పడకముందొకసారి, పడ్డాక ఒకసారి టేపు గుండా బీటా కిరణాలు పంపుతారు. వాటికి మూలం కొద్దిపాటి కార్బన్ 14. కిరణాలు ఎంత తగ్గాయో దాన్నిబట్టి రేణువుల బరువు. గంట అయ్యాక టేపు ముందుకి జరుగుతుంది, కొత్త మచ్చ మొదలవుతుంది. పాత టేపు విప్పి చూస్తే గంటకొకటి చొప్పున వరసగా చుక్కలు. మధ్యాహ్నానివి లేత బూడిదరంగు, చలికాలపు రాత్రులవి కాటుక నలుపు. నాకు మాత్రం ఏ గ్రాఫ్ కన్నా ఆ టేపే ఎక్కువ చెప్తుంది.

వాయువులది వేరే తరహా. ఓజోన్‌కి అతినీలలోహిత కాంతిని ఎంత పీల్చుకుందో చూస్తారు. కార్బన్ మోనాక్సైడ్‌కి పరారుణ కాంతి. నైట్రోజన్ డయాక్సైడ్‌ని ముందు నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చి, ఓజోన్‌తో కలిపినప్పుడు పుట్టే వెలుగుని కొలుస్తారు.

భారత నియమాల్లో ఇంకో సంగతి ఉంది. కనీసం మూడు కారకాల సమాచారం ఉండాలి, అందులో పీఎం 2.5 గానీ పీఎం 10 గానీ తప్పనిసరి. ఒక్కోదానికి 24 గంటల్లో కనీసం 16 గంటల రీడింగులు ఉండాలి. లేకపోతే ఆ రోజు సూచీ ఇవ్వరు.

#11 | వర్షం_చుక్క

నేను ఇంట్లో పెట్టుకునే చిన్న సెన్సర్ ఒకటి కొన్నాను. మామూలు రోజుల్లో స్టేషన్‌కి దగ్గరగానే చూపిస్తుంది. పొగమంచు పట్టిన తెల్లవారుజామున మాత్రం రెండింతలు చూపిస్తోంది. దేన్ని నమ్మాలి?

#12 | స్టేషన్_ఇంజనీర్

ఆ టైములో స్టేషన్‌నే నమ్మండి. మీ సెన్సర్‌లో లేజర్ ఉంటుంది. రేణువులు ఆ కాంతిని ఎంత చెదరగొట్టాయో చూసి బరువు ఊహిస్తుంది, తూచదు. గాలిలో తేమ బాగా పెరిగినప్పుడు రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, కాంతిని ఎక్కువ చెదరగొడతాయి. సెన్సర్ దాన్నంతా కాలుష్యమే అనుకుంటుంది. బామ్‌లో గాలిని లోపల కాస్త వేడి చేసి తేమ తగ్గించాకే కొలుస్తారు. ఈపీఏ వాళ్లు తమ మంటల పటంలో ఇలాంటి చౌక సెన్సర్ల రీడింగుల్ని తేమ బట్టి సరిచేశాకే చూపిస్తారు.

దుమ్ము తుపాను వచ్చినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ముతక ధూళిని ఈ లేజర్ సెన్సర్లు సరిగ్గా పట్టుకోలేవు, పీఎం 10 బాగా తక్కువ చూపిస్తాయి. అయినా పారేయకండి. వంటింట్లో పొగ ఎప్పుడు లేస్తోంది, కిటికీ తెరిస్తే ఎంతసేపట్లో తగ్గుతోంది, ఇవన్నీ అదే చెప్పగలదు. స్టేషన్‌కి మీ ఇంటి లోపలి సంగతి తెలీదు.

#13 | దూరదర్శిని

ఒక మాట కలుపుతాను. దగ్గర్లో స్టేషనే లేని చోట్ల కూడా కొన్ని యాప్‌లు ధైర్యంగా అంకె చూపిస్తాయి. అది ఉపగ్రహ చిత్రాలు, గాలివాటం, కంప్యూటర్ నమూనాలు కలిపి వేసిన అంచనా. ఉపయోగమే, కానీ కొలత వేరు, అంచనా వేరు. ఉపగ్రహం నేల నుంచి ఆకాశం దాకా ఉన్న మొత్తం పొగని పైనుంచి చూస్తుంది. అందులో మన ముక్కు దగ్గర ఉన్నది ఎంత అన్నది నమూనా తేల్చాలి.

2020 సెప్టెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో కార్చిచ్చుల పొగకి పట్టపగలు ఆకాశం నారింజరంగుకి తిరిగింది. చూసినవాళ్లంతా భయపడ్డారు. కానీ పొగ చాలావరకు పైపొరల్లోనే ఉండిపోయింది, కింద సముద్రం మీంచి వచ్చిన చల్లగాలి పొర దాన్ని దిగనివ్వలేదు. ఆరోజు నేల మీద సూచీ ఆకాశం చూసి అనుకున్నంత దారుణంగా లేదు. ఆకాశం కాస్త తేటపడ్డ తర్వాతి రోజుల్లోనే పొగ కిందికి దిగి సూచీ బాగా పెరిగింది.

ఊరంతటికీ కలిపి ఇచ్చే ఒకే అంకె విషయంలోనూ జాగ్రత్త అవసరం. భారత్‌లో ఊళ్లోని స్టేషన్ల సూచీలకి సగటు తీసి చెప్తారు. అమెరికాలో ఆ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువ చూపించిన మానిటర్‌ది చెప్తారు. మీ ఇంటికి దగ్గరున్న స్టేషన్ పేరు వెతికి అదొక్కటే చూడండి.

#14 | వర్షం_చుక్క

500 దగ్గర ఆగిపోవడం గురించి ఎవరూ మాట్లాడలేదేం? భారత సూచీ ఎంత పొగ ఉన్నా 500 దాటదు. 2024 నవంబర్‌లో ఢిల్లీలో ప్రభుత్వ సూచీ 500కి కాస్త కింద ఉంటే, కొన్ని విదేశీ యాప్‌లు 1000 దాటి చూపించాయి. బీజింగ్‌లో అమెరికా రాయబార కార్యాలయం 2008లో సొంత మానిటర్ పెట్టింది. 2013 జనవరి 12న అది 755 అని ప్రకటించింది. అధికారిక కొలబద్ద ఆగిపోయిన చోట జనానికి నిజం తెలిసింది అలాంటి అంకెల వల్లే. చైనా సూచీలో అప్పటిదాకా పీఎం 2.5 లెక్కలోకే లేదు, 2012లో తెచ్చిన కొత్త ప్రమాణాల్లోనే చేర్చారు. కొలబద్దలో లేనిది జనం కళ్లకి కనబడదు. అందుకే నేను మొదట్నుంచీ మైక్రోగ్రాములు చెప్పమంటున్నది.

#15 | కెమిస్ట్రీ_మేడం

చైనా సంగతి ఒప్పుకుంటాను, సూచీలో ఏం చేర్చాలన్నది చాలా పెద్ద నిర్ణయం. 500 హద్దు మీద మాత్రం మీతో ఏకీభవించను. ప్రతి మెట్టూ ఒక ఆరోగ్య సలహాతో ముడిపడి ఉంటుంది. ఆఖరి మెట్టు దాటాక చెప్పే సలహా ఒకటే: అందరూ బయటి పనులు మానండి. 700కి ఒకటి, 900కి ఒకటి వేరే సలహా లేదు. పైగా యాప్‌ల్లో కనిపించే 1000, 1500 అనేవి ఏ పట్టిక నుంచి వచ్చాయో, గంట సగటో రోజు సగటో చూడకుండా పోల్చడం వల్ల భయమే మిగులుతుంది.

#16 | వర్షం_చుక్క

మేడం, సలహా మారదు, నిజమే. కానీ వెయ్యి ఉన్నది ఆరొందలకి తగ్గితే ఎవరో గట్టి పని చేసినట్టు కదా. 500 దగ్గర తెగిపోయిన గ్రాఫ్‌లో ఆ తగ్గుదల గీత కూడా పడదు. పోనీ ఆరొందలున్నది వెయ్యికి చేరినా ఎవరికీ తెలియదు.

#17 | ఊపిరి_ముఖ్యం

ఇంత తెలిశాక ఇంకో ప్రశ్న. నాన్నగారు ఏ టైములో వెళ్తే నయం? తెల్లవారుజామున గాలి శుభ్రంగా ఉంటుందని ఆయన నమ్మకం.

#18 | కెమిస్ట్రీ_మేడం

చల్లగా ఉండే గాలి శుభ్రమైనదే అవ్వాలని లేదండీ. చలికాలంలో రాత్రిపూట నేల చల్లబడి, దాన్ని అంటుకున్న గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉంటుంది. కింది గాలి పైకి లేవలేదు, పొగంతా అక్కడే నిలిచిపోతుంది. ఎండెక్కి నేల వేడయ్యాకే పొరలు కలిసి పీఎం తగ్గుతుంది. ఓజోన్ దీనికి రివర్స్. ఎండలోనే తయారవుతుంది కాబట్టి వేసవి మధ్యాహ్నాల్లో ఎక్కువ. అది కూడా వాహనాల రద్దీ ఉన్న రోడ్డు పక్కన కాస్త తక్కువగా, ఊరి శివార్లలో ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే వాహనాల నైట్రిక్ ఆక్సైడ్ ఓజోన్‌ని కొంత తినేస్తుంది.

కాబట్టి చలికాలంలో ఎండ వచ్చాక, వేసవిలో పొద్దున్నే. ఏక్యూఐ పక్కన ఆరోజు ప్రధాన కారకం పేరు రాస్తారు, అది పీఎం 2.5నా ఓజోనా అని తప్పకుండా చూడండి. ఎన్95 మాస్కు రేణువుల్ని ఆపుతుంది, ఓజోన్‌ని ఆపదు. ఆయనకి ఎంత వరకు ఫర్వాలేదన్న హద్దు మాత్రం చూసే డాక్టర్ గారితో మాట్లాడి పెట్టుకోండి.

#19 | కొలతలు_లెక్కలు

ఊపిరి గారూ, మీ మొదటి పోస్టులోని 45 ఒకసారి మళ్లీ తీసుకుందాం. ఒకచోట ఏడాది పొడుగునా ప్రతిరోజూ పీఎం 2.5 45 ఉందనుకోండి. భారత సూచీ 365 రోజులూ "సంతృప్తికరం" అంటుంది. కానీ భారత ప్రమాణంలోనే ఏడాది సగటు 40 దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన ఏడాది మార్గదర్శకం 5, అంటే ఆ గాలి దానికి 9 రెట్లు. ఒక్క చెడ్డ రోజు కూడా లేకుండానే చెడ్డ సంవత్సరం గడిచిపోతుంది. రోజు సూచీ చేసిందే ఈ రోజు బయటికి వెళ్లొచ్చా అని చెప్పడానికి. ఏళ్ల తరబడి పీల్చితే వచ్చే గుండె జబ్బులు, ఊపిరితిత్తుల క్యాన్సర్ లెక్క దానికి అందదు.

#20 | రాత్రి_డ్యూటీ

ఇది నాకు అస్సలు తెలీదు అన్నా. మా దగ్గరి స్టేషన్ ఏడాది సగటు నేనే వేసుకోగలనా? ఎక్కడ దొరుకుతుంది?

#21 | స్టేషన్_ఇంజనీర్

వేసుకోవచ్చు తమ్ముడూ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో స్టేషన్ ఎంచుకుని గంటల రీడింగులు డౌన్‌లోడ్ చేయొచ్చు. వేరే దేశాలవి కావాలంటే ఓపెన్‌ఏక్యూలో చాలావరకు ఉంటాయి. సూచీ అంకెలు తీసుకోకు, మైక్రోగ్రాములు తీసుకో. ముందు రోజువారీ సగటు, ఆ తర్వాత వాటికి ఏడాది సగటు.

సగటు తీసేముందు ఖాళీలు చూసుకో. కరెంటు పోయినా, టేపు అయిపోయినా ఆ గంటలు ఖాళీగా ఉంటాయి. కొన్నిచోట్ల ఖాళీకి బదులు సున్నా పడి ఉంటుంది, వాటిని తీసెయ్. ప్రతి మూడు నెలలకీ కనీసం 75 శాతం రోజులు ఉన్నాయో లేదో విడిగా లెక్కపెట్టు. ఈపీఏ కూడా ఇదే హద్దు పాటిస్తుంది. డిసెంబర్, జనవరి రీడింగులు లేకుండా వేసిన సగటు మన దగ్గర సాధారణంగా తక్కువే వస్తుంది. ఫైలు దించుకున్నాక ఎక్కడైనా ఆగిపోతే ఇక్కడే పెట్టు, కలిసి చూద్దాం.